ఆర్డినెన్సు నంబరు నలభై ఏడు

టేబుల్ ఒక్కింటికి ఏడాదికి అయిదు డాలర్లు.
నాలుగు టేబుళ్లు, ఇరవై.
పదకొండేళ్లుగా ఆ ఇరవైకి రసీదు రాసేది నేనే,
నెబ్రాస్కా మొక్కజొన్న చేల నడుమ
తొమ్మిదివందల మంది ఉన్న డోరెన్స్‌కి గుమాస్తాని.

ఆ చట్టం నాకు కంఠోపాఠం.
రాత్రి పదకొండుకి దీపాలార్పాలి.
ఆదివారం తలుపు తియ్యకూడదు.
వీధివైపు అద్దానికి తెర కట్టకూడదు, రంగు పుయ్యకూడదు.
చెడిపోయేవాడు దారిన పోయేవాళ్లకి
కనబడుతూ చెడిపోవాలని కాబోలు.
పద్దెనిమిది నిండని కుర్రాళ్లూ, ఏ వయసు ఆడవాళ్లూ
గడప దాటకూడదు.
లైసెన్సు గోడకి వేలాడాలి;
వేలాడుతోందో లేదో గుమాస్తా ఏటా చూసి సంతకం పెట్టాలి.

రాసినవాళ్లకి
గుమాస్తా ఆడదవుతుందని తోచలేదు.
అందుకని జనవరి జనవరికీ
మంచులో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని
అద్దంలోంచి చూసేదాన్ని.
నా ఊపిరికే అది మసకబారేది.
తుడిచి, మళ్లీ చూసేదాన్ని.
ఆకుపచ్చ గుడ్డ మీద దీపం. దాని కింద
కంకులు వలిచే యంత్రానికి రెండు వేళ్లు ఇచ్చుకున్న ఆర్లో టెష్
మిగిలిన మూడింటి మీదే కర్ర ఆనించి గురి చూసేవాడు.
గోడ మీద కాగితం. సరే. సంతకం.
బంతులు తగిలే చప్పుడు మాత్రం
అద్దం దాటి వచ్చేది కాదు.

మార్చిలో కుబిచెక్ పోయాడు,
మూడో టేబుల్ మీద వంగినవాడు వంగినట్టే.
లైసెన్సు ఇంకొకరికి బదిలీ కాదు, సెక్షన్ నాలుగు.
అతని భార్య ఆల్బీనా
నల్లకోటుతో ఆఫీసుకొచ్చి, ఇరవై డాలర్లూ
వెండి నాణేలుగా నా బల్ల మీద పేర్చి
"నా పేరు రాయి" అంది.

కౌన్సిల్లో ఆ రాత్రి అయిదుగురు మగాళ్లు
చలికి కాదు, ఇబ్బందికి దగ్గారు.
గడప దాటకూడని మనిషికి
తాళంచెవి ఎట్లా ఇస్తామన్నాడు బ్రాండ్‌వోల్డ్.
పెరటి తలుపులోంచి వస్తే గడప దాటినట్టవుతుందా, అన్నాడొకడు.
మూసేస్తే పీడా పోతుంది, అన్నాడు
పాస్టరుగారి బావమరిది.
ముసలి టెష్ ఏ మీటింగులోనూ నోరు విప్పేవాడు కాదు.
"మూసేస్తే మావాడు రాత్రిళ్లు ఎక్కడున్నాడో
నాకెట్లా తెలుస్తుంది?
ఇప్పుడైతే ట్రక్కు దిగకుండా చూసి వెళ్లిపోతున్నాను."
ఎవరూ ఏమీ అనలేదు కాసేపు.

గంటన్నరకి, "లైసెన్సుదారు తప్ప" అని
రెండు మాటలు చేర్చమన్నారు.
కార్బను కాగితం సర్దుకుంటూ, తలెత్తకుండా అడిగాను:
"మరి లైసెన్సు చూడ్డానికి వెళ్లే గుమాస్తా?"
"ఆ, అదీ కొట్టెయ్యి" అన్నాడు మేయరు కోటు తొడుక్కుంటూ.
నా ఉద్యోగంలో నేనెరిగిన అతి పెద్ద సవరణ
చల్లారిపోతున్న ఒక భోజనం పుణ్యాన జరిగింది.

గురువారం సాయంత్రం వెళ్లాను.
గడప రెండంగుళాల ఎత్తు. అంతే.
పొగాకు వాసన, తడిసిన ఉన్ని వాసన.
ఆర్లో టోపీ తీశాడు,
తీసి ఏం చెయ్యాలో తెలీక మళ్లీ పెట్టుకున్నాడు.
కాగితం పాత మేకుకే ఉంది, కొత్త పేరుతో.
సంతకం పెట్టి తిరిగేసరికి
ఆల్బీనా చేతిలో రెండు కర్రలు.
"ముప్ఫయ్యేళ్లు ఈ గుడ్డకి బ్రష్షు కొట్టాను,
ఎట్లా పట్టుకోవాలో మాత్రం నాకూ తెలీదు."

ఆర్లో మూడు వేళ్లతో చూపించాడు.
మేమూ మూడేసి వేళ్లతోనే పట్టుకున్నాం.

ఆ చప్పుడు నేననుకున్నట్టు లేదు.
పళ్లు పటపటలాడినట్టుంటుందనుకున్నాను,
ఎండిన కాయ పగిలి గింజ రాలినట్టుంది.
తలెత్తితే అద్దం అవతల
లిండ్‌క్విస్ట్ వాళ్ల చిన్నది, పదేళ్లది,
తన ఊపిరి తనే తుడుచుకుంటోంది.

మర్నాడు ఆర్డినెన్సు శుభ్రప్రతి మీద
నీలం చాక్ బొటనవేలి ముద్ర.
ఇదేమిటన్నాడు మేయరు.
సిరా, అన్నాను.